మూత తీయకూడని పెట్టె

మా దుకాణానికి వచ్చినవాళ్లెవరూ తిరిగి పోయేటప్పుడు "పోయొస్తాం" అనేవాళ్లు కాదు. మేమూ "మళ్లీ రాండి" అనేవాళ్లం కాదు. పాడెకు వెదురు, కొత్త కుండ, తెల్లగుడ్డ, కొబ్బరితాడు అన్నీ ఒకేచోట దొరికే దుకాణం మార్కాపురం మొత్తానికి మాదొక్కటే. పెళ్లిళ్లకు మమ్మల్ని పిలిచేవాళ్లు కాదు, చావులకు మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. నాయనకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. "ఎప్పటికైనా అందరూ రావాల్సిన దుకాణమేరా ఇది. కాకపోతే ఎవురూ తొందరపడరు," అని నవ్వేవాడు.

ఆ నవ్వు అమ్మ పోయిన ఎండాకాలంలో ఆగిపోయింది. మా అక్కను హుబ్లీలో రైల్వేలో పనిచేసే ఆయనకు ఇచ్చారు. తంతి అందుకుని అక్క బయలుదేరి, గుంతకల్లులో బండి మారి, మరుసటిరోజు మధ్యాహ్నానికి వచ్చింది. అప్పటికే అమ్మను ఎత్తేశాం. రోహిణి ఎండలు, ఆపడం ఎవరి తరం? అక్క ఏడవలేదు. వాకిట్లోనే నిలబడి, "ఊరందరి చావులూ నడిపిస్తావే నాయనా, అమ్మ మొకం నాకోసం ఒక్కపూట ఆపలేకపోయినావా?" అంది. ఆ మాటతో నాయన ఆరు నెలలు సరిగా నిద్రపోలేదు. పడుకున్నవాడు లేచి కూర్చునేవాడు, కూర్చున్నవాడు లేచి వాకిట్లోకి పోయేవాడు.

చివరికి సోడా దుకాణం ఆయన చెప్పాడు. చెన్నపట్నంలో ఒక కంపెనీ శవాలను ఐసులో పెట్టే పెట్టెలు చేస్తుందట, పెద్దాసుపత్రులకు అమ్ముతుందట. ఐసు సంగతి తనకొదిలెయ్యమన్నాడు. బెజవాడ నుంచి రంపపు పొట్టులో చుట్టి ఆయనకు రోజూ రైల్లో వచ్చేదే. నాయన రెండో మాట లేకుండా నాచేత ఉత్తరం రాయించాడు.

పెట్టె వచ్చిన రోజు బజారంతా మా దుకాణం ముందే ఉంది. నిలువెత్తు మనిషి పట్టే టేకు పెట్టె. రెండు వరసల చెక్క, మధ్యలో రంపపు పొట్టు, లోపలంతా జింకు రేకు. పక్కల్లో ఐసు వేసే అరలు, కరిగిన నీళ్లు పోవడానికి అడుగున ఒక రంధ్రం. దాంతోపాటు ఎర్ర ముద్ర వేసిన ఇంగ్లీషు కాగితం ఒకటి. స్కూలు ఫైనలు తప్పినవాణ్నే అయినా, మా వీధికి ఇంగ్లీషు వచ్చినవాణ్ని నేనే. గొంతు సవరించుకుని చదివి, తెలుగులో చెప్పాను. సంవత్సరం పాటు చెక్క వంగినా, బందు విరిగినా, రేకు అతుకు ఊడినా కంపెనీవాళ్లే బాగుచేస్తారు. వేరేవాళ్లు పెట్టెను కోసినా, చిల్లు పెట్టినా ఆ పూచీ పోతుంది. మూత తీయకుండా ఉంటే ఐసు రెండు పగళ్లు నిలుస్తుంది.

నాయన పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, మూత మీద వేళ్ల కణుపులతో కొట్టి చూశాడు.

"అంతా బాగుంది గానీ, మొకం ఏడ కనపడతాది?"

"కనపడదు. మూత తియ్యకూడదు నాయనా."

"తియ్యకుండా ఎట్లరా? వచ్చినోళ్లు పెట్టెకు దండం పెట్టుకోని పోతారా? వడ్రంగిని పిలువు. మొకం కాడ కిటికీ కోపిచ్చి, అద్దం బిగిద్దాం."

"కోస్తే గ్యారంటీ పోతాది!"

"గారంటీ అంటే ఏంది?"

"పూచీ. ఏమైనా అయితే వాళ్లదే."

"పూచీ పెట్టెకా, లోపల పండుకునే మనిషికా?"

బజారు నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. "నీకు ఇంగ్లీషు రాదు, ఊరుకో నాయనా," అన్నాను, పదిమందిలో. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాలుక కోసుకోవాలనిపిస్తుంది. నాయన ఊరుకున్నాడు. అచ్చుకాగితం అంటే ఆయనకు గౌరవం, అందులోనూ ముద్ర ఉన్న కాగితం. నేను దానికి పటం కట్టించి దుకాణంలో గోడకు తగిలించాను. మూడో నెలలో మూత బందు ఒకటి విరిగితే ఉత్తరం రాశాను, వాళ్లు పార్సిల్లో కొత్త బందు పంపారు. ఆ ఇనప ముక్క పట్టుకుని నేను బజారులో ఎంత ఊరేగానో! సోడా దుకాణంలో చూపించాను, బట్టల దుకాణంలో చూపించాను. నాయనకూ చూపించాను.

"చూసినావా?"

"చూసినా," అన్నాడు.

తర్వాత యర్రగొండపాలెం దారిలో ఒక గొర్రెలవాళ్ల పల్లెలో పెద్దాయన పోయాడు. ఒక్కడే కొడుకు, గుంతకల్లు అవతల రైలుపట్టాల పనిలో ఉన్నాడు. తంతి కొట్టారు, మర్నాటి మధ్యాహ్నం బండికి వస్తాడు. స్టేషనులో దిగి పల్లె చేరేసరికి సాయంత్రం. శవాల పెట్టెను ఎక్కించుకోనని బస్సువాడు మొండికేస్తే, ఎడ్లబండి మీద పెట్టె, ఐసు వేసుకుని నేనే పోయాను. ముసలాయనను పడుకోబెట్టి, మూత వేసి, గట్టిగా చెప్పాను, కొడుకు వచ్చేదాకా ఎవరూ మూత ముట్టుకోకూడదని. అందరూ తలూపారు.

గడియ కాకముందే పక్క పల్లె నుంచి ముసలాయన అక్క వచ్చింది. మూత తీశారు. నేను అరిచాను. "ఒక్కసారే గదా నాయనా," అన్నారు. తర్వాత వియ్యంకుడు వచ్చాడు. "పిల్లనిచ్చినోణ్ణి, నాకు చూపియ్యరా?" మళ్లీ తీశారు. ఒక్కొక్కరికీ ఒక్కసారే, కానీ ఆ వచ్చేవాళ్లు ఒకరా ఇద్దరా? మా దేశంలో చచ్చినవాడి మొకం చూడకుండా వెనక్కి పోతే పగవాడి కింద లెక్క. నేను మూత మీద చెయ్యి అడ్డం పెడితే ముందు వచ్చిన ఆ ముసలమ్మే నా చెయ్యి అవతలికి తోసేసింది. "ఊరగాయ జాడీనా ఏంది, మూత తీస్తే బూజు పట్టేదానికి? లోపలుండేది మా తమ్ముడు!"

నేను కూర్చోలేను, నిలబడలేను. అడుగు రంధ్రం కింద పెట్టిన కుండలో చుక్కలు పడే చప్పుడు వింటూ తిరిగాను. చుక్కలు పొద్దుగూకేసరికి ధార అయ్యాయి. తెల్లారేసరికి ఐసంతా కరిగి ధార కూడా ఆగిపోయింది. శవం లేవనిదే ఆ పల్లెలో పొయ్యి వెలగదు, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పెద్దలు మాట్లాడుకుని పొద్దు నడినెత్తికి రాకముందే ఎత్తేశారు.

కొడుకు సాయంత్రం వచ్చాడు. నా ఈడువాడే. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఖాళీ పెట్టె దగ్గరికి పోయి, లోపలికి వంగి, రేకుకు అరచెయ్యి ఆనించాడు.

"ఇంకా సల్లగనే ఉందే, అన్నా," అన్నాడు.

ఆ కోపమంతా కంపెనీ మీద చూపించాను. ఐసు నిలవలేదు, ఇదేం గ్యారంటీ అని నాలుగు పేజీలు రాశాను. జవాబు నాలుగు వాక్యాల్లో వచ్చింది. చెక్క వంగిందా? బందు విరిగిందా? రేకు ఊడిందా? అవేవీ కానప్పుడు, పైగా మూత పలుమార్లు తీసినప్పుడు, తమకు సంబంధం లేదన్నారు. చదివి వినిపించాను. నాయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"వాళ్లు ముందే చెప్పినారు గదరా. పూచీ పెట్టెకే. ఇప్పుడన్నా కిటికీ కోపిద్దాం."

"ఇంక నాలుగు నెలలే నాయనా, ఆగు. కోసినంక రేకు ఊడితే ఎవురు చూస్తారు?"

చూశారా నా తెలివి? కట్టె కాలే దాకా బుద్ధి మారదంటారు, నా గురించే అని ఉంటారు. నాయన కండువా దులిపి భుజాన వేసుకుని, బస్సెక్కి ఆ గొర్రెలవాళ్ల పల్లెకు పోయొచ్చాడు. అక్కడ ఏం మాట్లాడాడో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

గ్యారంటీకి ఇంకా నెలరోజుల గడువు ఉంది. ఒకరోజు పొద్దున వెదురు కట్ట విప్పుతూ నాయన ఆయాసంగా కూర్చున్నాడు. మంచినీళ్లు తెచ్చేలోపల అయిపోయింది.

హుబ్లీకి తంతి కొట్టాను. నాయనను దుకాణంలోనే, మా పెట్టెలో పడుకోబెట్టాం. సోడా దుకాణం ఆయన ఆ పూట వచ్చిన ఐసంతా తెచ్చి పోశాడు. మీసం నేనే దువ్వాను, మూత నేనే వేశాను. అక్క రేపు మధ్యాహ్నం బండికి దిగాలి, దిగి నాయనను చూడాలి. నాకు ఇంకో ఆలోచన లేదు. ఈసారి కూడా చూపించలేకపోతే నేను అక్క ముందు ఎట్లా నిలబడాలి?

జనం రావడం మొదలైంది. జీవితమంతా ఊరి చావులకు పోయిన మనిషి, ఊరు రాకుండా ఉంటుందా? నేను రెండు చేతులూ మూత మీద పెట్టుకుని నిలబడ్డాను. తియ్యమన్నవాళ్ల మీద కుక్కలా అరిచాను. కొందరు గొణుక్కుంటూ పోయారు. ఇంతలో కొమరోలు నుంచి మా మేనత్త దిగింది.

"మూత తియ్యిరా."

"తియ్యనత్తా. తీస్తే అక్క వచ్చేసరికి ఐసు ఉండదు."

"మీ యమ్మ పోయినప్పుడు ఈ చేతులతో నీకు అన్నం కలిపి పెట్టినా. నా అన్న మొకం సూసేదానికి నీ ఆర్డరు కావాల్నా?" అని పెట్టె మీద పడి తల బాదుకుంది. నాకు గొర్రెలవాళ్ల ముసలమ్మ గుర్తొచ్చింది. తల తిప్పుకుంటే ఎదురుగా గోడ మీద పటం, అద్దం వెనక ఎర్ర ముద్ర.

వడ్రంగిని పిలిపించాను. మూత ఒకే ఒక్కసారి తీసి, నాయన మీద తడి గోనెలు కప్పి, మూతను వాకిట్లో వేశాం. వడ్రంగి రంపం పట్టుకుని నా వైపు చూశాడు. "గ్యారంటీ పోతాదేమో అన్నా?" పాపం, వాడిక్కూడా నేనే నేర్పిన మాట. "కొయ్యరా!" అని అరిచాను. రంపపు పొట్టు వాకిలంతా రాలింది. ఆ కొలతకు అద్దం ఇంట్లో ఇంకెక్కడా లేదు. పటం దింపి, మేకులు పీకి, అద్దం తీసి ఇచ్చాను. కాగితం ఎక్కడ పడిందో నేను చూడలేదు.

మూత వేశాక అత్త మొదట చూసింది. చల్లదనానికి అద్దం మీద చెమ్మ పట్టేది. వచ్చినవాళ్లు కొంగుతోనో కండువాతోనో తుడిచి చూసుకుని పోయేవాళ్లు. ఊరంతా ఆయన మొకం తుడిచినట్టే ఉండింది నాకు. మర్నాడు పొద్దున్నుంచి నేను కుండ దగ్గరే ఉన్నాను. చుక్క, చుక్క. బండి గిద్దలూరు దాటిందా, కంభం వచ్చిందా అని లెక్కలు. చుక్క ధార కాలేదు.

అక్క వచ్చింది. వంగి, కొంగుతో అద్దం తుడిచి, చాలాసేపు చూసింది.

"మీసం ఎవురు దువ్వినారురా?"

"నేనే."

"వంకరగా దువ్వినావు," అంది. అప్పుడు ఏడ్చింది. అమ్మకు ఏడవాల్సింది కూడా అప్పుడే ఏడ్చింది. నా గుండెల మీద బరువు దిగింది అనుకున్నాను.

ఇంక ఎత్తుదామనేసరికి జనంలోంచి ఒకతను ముందుకొచ్చాడు. గొర్రెలవాళ్ల పల్లె కొడుకే, ఖాళీ పెట్టె రేకుకు చెయ్యి ఆనించినవాడు. దుమ్ముకాళ్లతో వచ్చాడు. కండువాతో అద్దం తుడిచి నాయనను చూశాడు. తర్వాత కిటికీ అంచు మీద, పచ్చిగా కోసిన చెక్క మీద బొటనవేలు ఆనించి చూశాడు.

"మీ నాయన మాయింటికొచ్చి చెప్పినాడన్నా. పెట్టె వచ్చిన దినమే ఈడ కిటికీ కోపిద్దామన్నాడంట గదా?"

"అవును."

"మీ నాయనకాడికి వచ్చేసరికి కోసినావు," అన్నాడు.

గొంతులో కోపం లేదు. నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాను. అతను కండువా తలకు చుట్టుకుని పాడె కింద భుజం పెట్టాడు.