పేరెత్తని జబ్బు

ట్యునీషియాలోని కైరవాన్‌లో మా గోడకు అవతలి ఇల్లు ముంజియాది. తివాచీలు నేస్తుంది. మూడేళ్ళ కిందట ఆమె కుడి ముంజేతిలో ఆలివ్ గింజంత గడ్డ లేచింది. దాన్ని కోసి తీసిన సర్జన్ ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు: "ఇది మెత్తటి కండలో పుట్టే అరుదైన క్యాన్సర్. పాకితే ముందు ఊపిరితిత్తుల్లో వెతుకుతాం. కానీ దీని తోవ దీనిది. ఒక్కోసారి ఎవరూ అనుకోని చోట, తల చర్మంలో కూడా తేలుతుంది. కొత్త గడ్డ ఎక్కడ కనిపించినా చూపించు."

ముంజియా ఆ మాట మరచిపోలేదు. ఇంట్లోవాళ్ళు మాత్రం ఆ పేరు పలకలేదు. మా వైపు ఎవరూ పలకరు. "ఆ పాడు జబ్బు" అని గొంతు తగ్గిస్తారు. పేరెత్తితే విని వస్తుందని భయం. పుస్తకాలు చదువుకునే నాకూ ఆ పేరు కాగితం మీదే అలవాటు, నోటికి కాదు.

ఈ వసంతంలో ముంజియా అక్క సలీహా కూతురి పెళ్ళి కుదిరింది. ముంజియా తలకు గోరింటాకు పట్టిస్తున్న సలీహా వేళ్ళు ఒకచోట ఆగాయి. గిన్నె నా చేతిలో ఉంది.

"ఏమిటే ఇది, తలలో శనగగింజ దాచావా?"

"ఎక్కడ?"

"చెవికి పైన. కొవ్వు గడ్డలే. పెళ్ళయ్యాక చూద్దాం."

"పెళ్ళి నీ కూతురికక్కా, నా గడ్డకి కాదు. రేపే పోదాం."

సలీహా నవ్వింది. ముంజియా నవ్వకుండా జుట్టు కడుక్కోడానికి లేచింది.

మర్నాడు ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ గడ్డను వేలితో కదిపి చూసింది. "కొవ్వు గడ్డే. ఇప్పుడే కోసి పారేద్దాం." మత్తు సూది సిద్ధం చేస్తూ అడిగింది: "ఇంతకు ముందు పెద్ద జబ్బులేమైనా వచ్చాయా?"

సలీహా అందుకుంది. "అబ్బే, ఏమీ లేదమ్మా. చేతి మీద ఏదో వాపు. తీసేశారు. దేవుడి దయ."

ముంజియా చొక్కా చెయ్యి పైకి లాగి మచ్చ చూపింది. "వాపు కాదు. క్యాన్సర్."

"నోర్ముయ్యవే. బయట జనం ఉన్నారు."

"విననీ. మొదటిసారి ఎవరు పిలిస్తే వచ్చింది? పేరు దాచి నువ్వేం ఆపావు? డాక్టరమ్మా, కోస్తే కొయ్యండి. పారెయ్యకండి, పరీక్షకి పంపండి."

డాక్టరమ్మ సూది ట్రేలో పెట్టేసి, ఆ క్యాన్సర్ సంగతంతా మొదటినుంచి చెప్పించుకుంది. గడ్డలోంచి చిన్న ముక్క మాత్రం తీసి పరీక్షకు సూస్ నగరంలోని పెద్దాసుపత్రికి పంపింది.

చేతిలోదే తలకు చేరిందని తేలింది. స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల్లో ఇంకా ఏమీ లేదు.

సలీహా ఏడుపు మొదలుపెట్టింది. "ఇంకా లేదన్నారు, అది వినలేదా?" అంది ముంజియా. "మగ్గం మీద తివాచీ సగంలో ఉంది. ఏడిస్తే తర్వాత ఏడువు. ముందు సూస్ ఆసుపత్రికి ఫోన్ చెయ్యి."

సలీహా ఫోన్ చేసింది. "మా చెల్లెలికండీ... ఆ..." అలవాటుగా గొంతు దిగిపోయింది. ముంజియా ఆమెనే చూస్తోంది.

సలీహా కొంగుతో ముక్కు తుడుచుకుంది. "క్యాన్సర్," అంది వీధికి వినబడేలా. "చేతి నుంచి తల చర్మానికి వచ్చింది. ఈ వారమే చూడాలి."