‘స్థితిమంతుడు’ అని రాసిన చేయి నాది

కృపగల దేవునికి స్తోత్రం. మన నోటి ప్రతి మాటనూ తూచేవాడు ఆయనే. నా తప్పు నాకు చూపించి కూడా నన్ను తోసివేయని ఆయన నామానికే మహిమ.

2022 ఎండాకాలం. అనకాపల్లి నుంచి రోజూ బస్సెక్కి, దేవరాపల్లి వైపున్న ఒక గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. ఆ ఏడాది రైస్ కార్డుల మీద అనుమానమున్న పేర్ల జాబితా ఒకటి ఇచ్చి, ఫీల్డ్ వెరిఫికేషన్ చేయమన్నారు. అంటే ఇంటికి వెళ్ళి కళ్ళతో చూసి, రిమార్క్స్ అనే గడిలో మనకు తెలిసింది రాయడం. ఆ గడిలో పట్టేది రెండు మూడు మాటలే. కార్డు ఉండాలో పోవాలో తేల్చేవి అవే.

జాబితాలో అప్పన్న అనే కూలీ పేరుంది. వెళ్ళేసరికి తలుపుకు తాళం. మొగుడూ పెళ్ళాం ఉపాధి పనికి వెళ్ళారు. ఎండ మండిపోతోంది. టీ కొట్టు దగ్గర కూర్చున్న నలుగురిని, అతని పరిస్థితి ఎలాంటిదని అడిగాను.

“ఆడికేటండీ, మా ఊరి కోటీశ్వరుడు,” అన్నాడొకాయన. మిగతావాళ్ళు తలూపారు. ఒకడు మాత్రం గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు. ఆ నవ్వు నేను చూశాను. చూసి కూడా ఇంకో ప్రశ్న అడగలేదు. ‘కోటీశ్వరుడు’ ఆఫీసు మాటలా ఉండదని, దాన్ని మర్యాదగా మార్చి ‘స్థితిమంతుడు’ అని రాశాను.

అదే రోజు అదే ఊళ్ళో, జాబితాలో ఉన్న ఇంకో ఇంటికి వెళ్ళాను. ఆ ఇంటాయన అనకాపల్లిలో మా చర్చి సంఘానికే కారులో వచ్చే పెద్దమనిషి. రెండంతస్తుల మేడ, చుట్టూ చెరకు భూములు, అందులో సగం బంధువుల పేర్ల మీద. సంఘంలో ఆయన్ని ఎవరూ డబ్బున్నవాడు అనరు, ‘దీవించబడిన కుటుంబం’ అంటారు. ఊళ్ళో ‘బాబుగారు’ అంటారు. ఆయన మాత్రం ఏసీ గదిలో నాకు మజ్జిగ ఇప్పించి, “అంతా దేవుని కృప సిస్టర్. ఏదో మిడిల్ క్లాసోళ్ళం,” అన్నారు. ‘సామాన్య రైతు కుటుంబం’ అని రాసి లేచాను.

నెల తిరిగేసరికి అప్పన్న కార్డు రద్దయింది. ఆ తర్వాతే అతని భార్య రవణమ్మకు ఒక కంటికి నల్లటి తెర అడ్డం పడింది. కంటి లోపలి పొర ఊడిందని, వారంలోగా ఆపరేషన్ చేయకపోతే చూపు దక్కదని విశాఖపట్నంలో డాక్టర్లు చెప్పారు. రైస్ కార్డుంటే ప్రభుత్వ పథకం కింద ఆపరేషన్ ఉచితం. ఆసుపత్రి కంప్యూటర్‌లో వీళ్ళ కార్డు లేదు.

అప్పన్న సచివాలయానికి వచ్చాడు. ఫైలు తీసి, నేను రాసిన మాట నేనే చదివి వినిపించాను.

“ఎవుల కాడా సెయ్యి సాపనని నన్నలా ఎక్కిరిత్తారమ్మా. కూడు లేకపోయినా కోటీశ్వరుడిలాగ నడుత్తాడని. ఆల్లంటే ఎకసెక్కానికి అన్నారు. సదూకున్నోరు, మీరు కూడా నమ్మేసేరేటి?”

ఆ సాయంత్రమే వెళ్ళి అతని ఇల్లు చూశాను. రేకుల కప్పు, ఒకటే గది, తలుపు సగం చెక్క, సగం గోనెపట్టా. మొదటిసారి వచ్చినప్పుడు నేను చూసిన తాళం ఆ చెక్క సగానిది. తప్పు నాదేనని రాసి, సంతకం పెట్టి పైకి పంపాను. సంజాయిషీ అడుగుతూ నాకు మెమో వెంటనే వచ్చింది. అప్పన్న కార్డు రావడానికి మాత్రం నలభై రోజులు పట్టింది. అప్పటికి రవణమ్మకు ఆ కన్ను పోయింది.

బాబుగారి గడి కూడా దిద్ది, ‘సంపన్నుడు’ అని రాశాను. ఆయన ఫోన్ చేశారు. “నన్ను సంపన్నుడని రాసేవంట. నేను నీకేం అపకారం చేశాను సిస్టర్?”

ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఉన్నవాణ్ణి ఉన్నవాడంటే తిట్టినట్టు! లేనివాణ్ణి మాత్రం ఊరంతా కోటీశ్వరుడని పిలిచి నవ్వుకోవచ్చు. మన ప్రభువు ధనవంతుణ్ణి ధనవంతుడనే పిలిచాడు, దానికో మెత్తటి మాట వెతకలేదు. మనం గుడిలో నిలబడి మేడను దీవెన అంటున్నాం. అలాగైతే రవణమ్మను ఏమని పిలవాలి? శపించబడిందనా? సంఘ పెద్దలను ఇదే అడిగాను.

అప్పటి నుంచి ఆ గడిలో మనిషికి పేరు పెట్టడం మానేశాను. కప్పు ఏమిటో, గదులెన్నో, ఆ రోజు పొయ్యి మీద ఏముందో, అదే రాస్తాను. ఇల్లు తాళం వేసి ఉంటే మళ్ళీ వెళ్తాను.

చదువుతున్న సహోదరులారా, సహోదరీలారా, నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, రవణమ్మకు మిగిలిన కంటిని కాపాడు. తన ఇంటి లోపల చూడకుండానే తన సంగతి రాసిన నన్ను ఆమె ఆ కంటితో చూసినప్పుడు, తల తిప్పుకోకుండా నిలబడే ధైర్యం నాకు ఇవ్వు. ఆమేన్.