కుంకుమ పెట్టిన నెట్ కార్డు

ఆ రోజుల్లో కంప్యూటర్ మూత విప్పగలిగినవాడికి మా వైపు డాక్టరుకున్నంత మర్యాద ఉండేది. జగిత్యాలలో ఆరు నెలల కోర్సు చేసిన నాకు ఆ మర్యాద బాగానే తలకెక్కింది. సొంతూరు కోరుట్లలో పని దొరక్క, సిరిసిల్లలో మా బావ పెట్టిన ఇంటర్నెట్ సెంటర్లో చేరాను. (బావ నన్ను ఇంజనీరని పరిచయం చేసేవాడు. నేను కాదనేవాణ్ణి కాదు.) సాంచెలు, అంటే మరమగ్గాలు, ఒక్కొక్కటే ఆగిపోతున్న కాలమది. పని పోయినవాళ్లంతా గల్ఫ్ వీసా కాగితాల కోసం మా దగ్గరికే వచ్చేవారు.

మా ఆరు కంప్యూటర్లకూ నెట్ పంచేది మూలనున్న ఒక పాత కంప్యూటర్ డబ్బా. అందులో విండోస్ బదులు లినక్స్ నడిచేది. లోపల కార్డులు గుచ్చే స్లాట్లు వరసగా ఉండేవి. రెండింట్లో అచ్చుగుద్దినట్టు ఒకే రకం నెట్ కార్డులు. ఒకదానికి బయటి నుంచి వచ్చే తీగ, రెండోదానికి మా ఆరింటికీ వెళ్లే తీగ. డబ్బా ఆన్ చేయగానే ఆ లినక్స్‌లోని కెర్నల్ (అందరికంటే ముందు లేచి, ఇంట్లో ఎవరెవరున్నారో చూసుకునే పెద్దమనిషి అనుకోండి) ఆ కార్డులకు సున్నా, ఒకటి అని పేర్లు పెట్టేది. సున్నా బయటికి, ఒకటి లోపలికి. ఏం చూసి ఆ పేర్లు పెడుతుందో నాకు తెలియదు. తెలియదన్న సంగతీ తెలియదు.

దసరా వచ్చింది. సాంచెలకు బొట్లు పెట్టే ఊళ్లో మా డబ్బాకేం తక్కువని బావ పూజ పెట్టాడు. "పైపైన బొట్టు వెడ్తె ఏం ఫాయిద బామ్మర్దీ? లోపలియి తియ్యి" అన్నాడు. రెండు కార్డులూ ఊడదీసి, దుమ్ము తుడిచి, పీట మీద పెట్టాను. బయటి తీగ కార్డుకు కుంకుమ, లోపలి తీగ కార్డుకు పసుపు పెట్టాను. భక్తికి భక్తి, గుర్తుకు గుర్తు! కొబ్బరికాయ కొట్టాక మళ్లీ గుచ్చేశాను. ఏది ఏ స్లాట్లోకి పోయిందో చూడలేదు. కుంకుమ కార్డుకే బయటి తీగ పెట్టాను కదా, ఇంకేం కావాలి?

తెల్లారి చూస్తే నెట్ లేదు. సరిగ్గా అప్పుడే భార్యతో, సంచీతో సాంచెలన్న దిగాడు. సాంచెలు నడిపి నడిపి ఆ పేరు పడి, అవి ఆగిపోయాక దుబాయికి సిద్ధమైన మనిషి. సాయంత్రమే బొంబాయి బస్సు. వీసా మెయిల్లో పంపానని ఏజెంటు ఫోన్లో చెప్పాడు; ఆ కాగితం లేకపోతే విమానం ఎక్కనివ్వరు. ఊళ్లో మిగతా సెంటర్లన్నీ పండక్కి మూసి ఉన్నాయి. నేను డబ్బాను ఏడుసార్లు ఆపి మళ్లీ లేపాను. కొబ్బరినీళ్లు పడ్డాయేమోనని మూత విప్పి కాసేపు ఎండలో పెట్టాను. "నిన్నటి కాయ గిట్ట కుళ్లిందా బామ్మర్దీ?" అని బావ గొణిగాడు. మధ్యాహ్నం దాటింది.

కుంకుమది బయటిది, పసుపుది లోపలిది అని గొణుక్కుంటున్న నా భుజం మీదుగా సాంచెలన్న తొంగిచూశాడు. "తమ్మీ, గా ఎర్రబొట్టుదే బయటిదని డబ్బకెట్ల ఎర్కైతది?"

"ఆ కార్డుకు పేరుంటదన్నా. సున్నా."

"ఏం జూసి వెట్టింది పేరు? రెండు ఒక్క తీర్గనే ఉన్నయి గద?"

నేను కుంకుమ కార్డు తీగను ఊడదీసి, ఊది, మళ్లీ గుచ్చాను.

"మా కార్ఖానల సేటుకు నా పేరు ఎర్కలేదు తమ్మీ. నాలుగో సాంచె మీద నిలవడ్తె నాలుగో నంబరు. ఒకనాడు ఆరో సాంచె మీదికి తోలిండు, ఆరో నంబర్నయిన. నిలవడ్డ జాగను బట్టే పేరు."

కార్డుల వైపు మళ్లీ చూశాను. మొదటి స్లాట్లో ఉండాల్సిన కుంకుమ కార్డు రెండో స్లాట్లో కూర్చుని ఉంది. కెర్నల్ స్లాట్లను వరసగా చూసుకుంటూ వచ్చి, ముందు కనబడ్డ పసుపు కార్డుకు సున్నా అని పేరు పెట్టేసింది. బొట్లు దానికేం తెలుసు? వెనకాల రెండు తీగలూ ఇటుదటు, అటుదిటు మార్చాను. పొద్దుటి నుంచీ నేను పడ్డ యాతనకు వైద్యం అంతే.

ప్రింటర్ గరగరలాడుతూ వీసా కక్కింది. బావ చప్పట్లు కొట్టాడు. పొద్దుటి నుంచి గుమ్మం దగ్గరే కూర్చున్న సాంచెలన్న భార్య అప్పుడు లేచి వచ్చి, "తమ్మీ, గా తీగలు మల్ల మునుపటి తీర్గనే పెట్టరాదు?" అంది మెల్లగా.

అందరం నవ్వాం. సాంచెలన్న కూడా నవ్వాడు, ఆమె వైపు చూడకుండా. పాపం, ఆవిడకు కంప్యూటర్ తెలియదనుకుని, తీగలు అలా పెడితే నెట్ ఎందుకు పోతుందో, కాగితం ఎందుకు రాదో, స్లాట్లతో సహా ఓపిగ్గా వివరించాను. ఆవిడ చివరిదాకా విని, "గందుకే అంటున్న" అంది.

ఆ మాట అర్థం కావడానికి నాకూ పెళ్లయి, నేనూ ఒకసారి బొంబాయి బస్సు ఎక్కాల్సి వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే, ఆమెకు వేలు చూపిస్తూ పాఠం చెబుతున్న ఆ కుర్రాడి నోరు ఎవరైనా మూసేస్తే బాగుండుననిపిస్తుంది. నవ్వూ వస్తుంది.