దాసుడు తాగని తీర్థం

ఇలా దగ్గరికొచ్చి కూర్చోండి. కడుపులో తిప్పే సంగతే, అయినా వినాలి.

నా చిన్నప్పుడు మేము విశాఖ హార్బరు పక్కన జాలరిపేటలో ఉండేవాళ్లం. పక్కింటి మావయ్య పోర్టులో కలాసీ. బడి మొహం చూడలేదు; మోసే బస్తాల మీది అక్షరాలు చూసి చూసి చదువు పట్టుకున్నాడు. ఎవరో పెద్ద నాయకుడు తన బతుకు తానే రాసుకున్న పుస్తకం లైబ్రరీ నుంచి తెచ్చి, సాయంత్రాలు వేలు పెట్టి కూడబలుక్కుంటూ మాకు వినిపించేవాడు. ఆ నాయకుడూ సొంతంగా చదువుకున్నవాడే. రోజూ దేవుడికి దణ్ణం పెట్టేవాడట. అయినా దేవుడి పేరు చెప్పి ఎవరేమన్నా, తన బుద్ధికి ఎక్కేదాకా ఒప్పుకునేవాడు కాదట. మావయ్య ఆ ముక్క దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివేవాడు.

ఆ వానాకాలం మా చెల్లికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అమ్మవారు తన ఒంటి మీదికొస్తుందని చెప్పుకునే దాసుడు వచ్చి, ఆస్పత్రికి తీసుకెళితే తల్లి కన్నెర్ర చేస్తుందన్నాడు. పళ్లెంలో కాళ్లు కడిగించుకున్నాడు. రేవంతా తిరిగొచ్చిన కాళ్లు. నీళ్ల మీద చేప పొలుసులు, నల్లటి జిడ్డు తేలాయి. ఛీ! అదే తీర్థమన్నాడు. చెల్లి మూతి తిప్పుకుంటే నేనే దాని చేతులు పట్టుకున్నాను. అమ్మ ముక్కు మూసి పోసింది.

మర్నాటికి దాని కళ్లు పీక్కుపోయాయి. మళ్లీ పళ్లెం నిండింది. దాసుడు ఊగుతున్నాడు. అప్పుడొచ్చాడు మావయ్య. దణ్ణం పెట్టి, ఆ పళ్లెం ఎత్తి దాసుడి నోటి దగ్గర పెట్టాడు.

“తల్లీ, ముందు నువ్వు పుచ్చుకో. ఆనక పిల్లకి పోత్తాం.”

ఊగడం ఆగిపోయింది. దాసుడు మొహం తిప్పేసి, “సీ, తియ్యరా! కంపు కొడతంది!” అన్నాడు.

“అమ్మోరికి కంపేటి బాబూ? నువ్వు తాగనేవు గానీ, పసిగుంటకి పోత్తన్నావా?”

అమ్మ ఒక్క క్షణం వాడి మొహంలోకి చూసింది. “అన్నియ్యా, రిచ్చా పిలు!” అని అరిచింది.

పెద్దాస్పత్రిలో నాలుగు రోజులు సెలైన్ ఎక్కించాక చెల్లి లేచి కూర్చుంది. ఆ వారం అమ్మ, మావయ్య కలిసే అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి వచ్చారు.

ఈ మాట చెబితే అందరూ దాసుణ్ణి తిడతారు. నాకూ వాడంటే ఇప్పటికీ వాంతి వచ్చినట్టే ఉంటుంది. కానీ అంతకన్నా రోత నా చేతుల మీద. నన్నెవరూ పట్టుకోమనలేదు. భక్తి అనుకుని నేనే పట్టుకున్నాను. చెల్లి మణికట్లు ఈ అరచేతుల్లో ఇంకా గింజుకుంటూనే ఉన్నాయి.

మీ ఇంట పసిపిల్ల వద్దని మూతి తిప్పితే, ఎందుకమ్మా అని అడిగే మనిషి ఒకరు ఎప్పుడూ ఉండాలి. మీ గడప చల్లగా ఉండాలి, తల్లీ.