నాయన కొట్లో తెల్లదొర

రియాద్‌లోని మలాజ్ పేటలో నేను పనిచేసే ఇంట్లో, తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే లేచే వాసన నన్ను కడపలో మా నాయన టైలర్ కొట్టుకు లాక్కెళుతుంది.

అక్కడ గోడకు ఒక తెల్లదొర పటం ఉండేది. టైలర్లు పని నేర్పిన ఉస్తాద్ పటం పెట్టుకుంటారు కదా! ఈయనే నాయనకు ఉస్తాదనుకుని రోజూ సలాం కొట్టేదాన్ని.

బడి మాన్పించిన రోజు ఏడ్చాను. "ఇంగ నేనూ ఈ ఉస్తాద్ మాదిరి కుట్టుకుంటా ఉండాల్సిందేనా?"

నాయన పగలబడి నవ్వాడు. "నాకు కుట్టు నేర్పింది మా అమ్మ, మీ జేజి! ఈయన కూడా చిన్నప్పుడే బడి మాని ఆడోళ్ల గుడ్డలు కుట్టినాడు పాపా. తర్వాత, మనకు రాజులెందుకని పుస్తకం రాసి దేశాలనే కదిలించినాడు. బడి పోతే పోనీ, అడిగేది మాత్రం మానొద్దు."

ఈ ఊళ్లో రాజుల సంగతి నేనెత్తను లెండి. కానీ మొన్న మేడమ్‌ను, నాకు సెలవెందుకు లేదని అడిగేశాను. ఇప్పుడు శుక్రవారం నాది.