కాళ్లకు నీళ్లు

యాకుత్‌పురా గల్లీలో సక్కుబాయిని అందరూ ‘దేహాతన్’ అనే పిలుస్తారు. ఆ మాటకు అర్థం పల్లెటూరి మనిషనే గానీ, గల్లీలో దానికి తెలివి లేనిదనీ, తీరు తెలియనిదనీ అర్థాలు. ఆ పేరు పెట్టింది పక్కింటి ముసలి మహబూబ్ బీ. పెట్టదూ మరి! సర్కారు నల్లా దగ్గర కొట్లాడి తెచ్చుకున్న నీళ్లను వచ్చినోళ్ల కాళ్లకు పోస్తారా ఎక్కడైనా? సక్కుబాయి పోస్తుంది. పొడుగాటి మనిషి, మోచేతుల దాకా పచ్చబొట్లు. కుచ్చిళ్లు ఎగదోపుకుని, తళతళలాడే ఇత్తడి చెంబుతో గడపలో నిలబడుతుంది. పాలవాడైనా సరే, కాళ్లు తడవనిదే లోపలికి రానివ్వదు.

కొడుకు భిక్షపతికి పిల్లనిస్తామని సైదాబాద్ నుంచి నలుగురు వచ్చిన రోజు నల్లా రాలేదు. ఇంట్లో ఉన్నది అరబిందె నీళ్లే. “అమ్మా, ఇయ్యాల ఆ చెంబు లోపల పెట్టవే. దేహాతోళ్లు అనుకుంటరు,” అని కొడుకు బతిమాలాడు. “మనం దేహాతోళ్లమే గదరా. అనుకోనియ్,” అంటూ ఆమె చెంబు ముంచింది. పిల్ల తండ్రి ఒక్క క్షణం తటపటాయించి బూట్లు విప్పాడు. ముగ్గురి కాళ్లు తడిసేసరికి బిందె అడుగంటింది. పిల్ల మేనమామ పొడికాళ్లతో గడప ముందు ఆగిపోయాడు. ఖాళీ చెంబు పట్టుకుని సక్కుబాయి మొదటిసారి తల దించుకుంది.

పక్కింటి పరదా తొలగింది. మహబూబ్ బీ తన నీళ్ల బిందెను చంకన పెట్టుకొచ్చి ఆమె ముందు దించింది.

“నీళ్లు పొయ్యవే దేహాతన్,” అంది గల్లీ అంతా వినేటట్టు. “మన గల్లీల పొడికాళ్లతోని ఇంట్లకు పోతరా ఎవరన్న?”