లేచిపోలేదు, తప్పించుకుంది

లాండ్రీలో బట్టలు ఇస్త్రీ చేసే ఆవిణ్ణి వీధిలో అందరూ ఇస్త్రీ పిన్ని అంటారు. ఆవిడ మొగుడు అనుమానపు మనిషి. చెయ్యి చేసుకునేవాడు, బయటికి వెళ్తే ఆవిణ్ణి లోపల పెట్టి ఇంటికి తాళం వేసుకుని పోయేవాడు. ఒక మధ్యాహ్నం తాళం మరిచిపోయాడు. ఆవిడ చంటిదాన్ని చంకనేసుకుని, చెప్పులైనా వేసుకోకుండా బస్సెక్కి ఈ ఊరొచ్చి పడింది.

"ఎవడితోనో లేచిపోయింది" అని మొగుడు ఊరంతా టముకు వేశాడు. అది నమ్మి సొంత అక్క కూడా మాట్లాడటం మానేసింది.

పిల్ల బడికి వెళ్ళడం మొదలుపెట్టాక, దాని పాఠాలు తనకూ అర్థం కావాలని పిన్ని సాయంత్రం ఇంగ్లీషు క్లాసులో చేరింది. ఒకరోజు టీచరమ్మ బోర్డు మీద నాలుగు మాటలు రాసింది.

"అన్నీ పారిపోవడమే, కానీ దేని దారి దానిదే. ఎలోప్ అంటే పెళ్ళి కోసం ఇంట్లో చెప్పకుండా జంటగా వెళ్ళిపోవడం. అబ్‌స్కాండ్ అంటే తప్పు చేసి పరారవడం. ఫ్లీ అంటే ప్రమాదం చూసి పరుగందుకోవడం, అది వెనకాలే తరుముతూ ఉండొచ్చు. ఎస్కేప్ అంటే దాని చేతికి చిక్కకుండా బయటపడటం."

పిన్ని చేతిలో పెన్సిల్ ఆగిపోయింది.

"టీచరమ్మా, తాళం వేసి ఉంచేవాడి దగ్గర్నుంచి వచ్చేస్తే?"

"బయటపడ్డావుగా, ఎస్కేపే! స్పెల్లింగ్ జాగ్రత్త. అందరూ ఎక్స్ పెడతారు, అందులో ఎక్స్ లేదు."

క్లాసు అయిపోగానే పిన్ని మెట్ల మీదే కూర్చుని అక్కకు ఫోన్ చేసింది. ఈసారి అక్క ఎత్తింది.

"అక్కా, పెట్టెయ్యకు. నేను లేచిపోలేదు. తప్పించుకొచ్చాను."



"కొట్టేవాడా?"

"తాళం కూడా వేసేవాడు."

"ఓసి పిచ్చిదానా! ఆ ముక్క అప్పుడే చెప్పి చావొచ్చుగా!"

"నువ్వు ఫోనెత్తితే కదా!"

అక్క ఏడ్చింది, మరిదినీ వాడి వంశాన్నీ తిట్టింది, అంతలోనే తనను తానే తిట్టుకుంది, మళ్ళీ ఏడ్చింది. చివరికి ముక్కు చీదుకుని, "పిల్లది ఎవరి పోలికే?" అంది.

"నీ ముక్కే వచ్చింది, పాపం."

ఇద్దరికీ నవ్వాగలేదు.

ఆదివారం పొద్దున్నే అక్క బస్సు దిగింది. పిల్లను ముందు కూర్చోబెట్టుకుని చిక్కులు తీస్తూ జడ వేస్తుంటే, పిన్ని పక్కనే చాప మీద వాలి, చెబుతున్న మాట మధ్యలోనే ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.